‘ఎవరూ అడగలేదు’ అన్నాను

ఒక అమ్మాయి రాసిన జవాబు పత్రాన్ని ఎవరూ దిద్దకుండా చేసినదాన్ని నేను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు పాతికేళ్ళ పైనే పట్టింది. రాశాక చూసుకుంటే ఎంత చిన్నగా ఉందో! ఇంత చిన్నదాన్నా ఇన్నాళ్ళు మోశాను? మోశాను. మా ఇంట్లో తెలియదు. నాతో పనిచేసినవాళ్ళకు తెలియదు. ఆ అమ్మాయికి కూడా తెలియదు. అదే నన్ను అన్నిటికన్నా ఎక్కువ తొలిచేస్తోంది.

నా పేరు రాయను. కాలేజీ పేరు రాయను. ఆమె అసలు పేరు కూడా రాయను, బాలమణి అనుకోండి. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కనుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే వెంటనే ఓదార్పు మొదలుపెడతారు, అప్పటి పరిస్థితులు అలాంటివి అంటారు. ఆ మాట వినే ఓపిక నాకు లేదు. పరిస్థితులు అబద్ధం చెప్పలేదు. నేను చెప్పాను.

తొంభైల నడుమ సంగతి. నారాయణగూడలో పొద్దున ఏడున్నరకు మొదలై పదకొండున్నరకు ముగిసే ఎం.ఏ. కాలేజీ ఒకటి ఉండేది. పొద్దున క్లాసులయ్యాక పనులకు పోయేవాళ్ళ కోసం పెట్టింది. అందులో నేను ఎకనామిక్స్ చెప్పేదాన్ని. పుట్టి పెరిగింది అంబర్‌పేట్‌లో, పెళ్ళయ్యాక అశోక్‌నగర్‌లో కిరాయి ఇల్లు. చిక్కడపల్లి మీదుగా నడిచి వెళ్ళేదాన్ని. దారిలో ఆ రోజు పాఠం తెలుగులో మనసులోనే ఒకసారి చెప్పుకునేదాన్ని. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తెలుగులో చెప్పుకునేదాన్ని. ఎందుకంటే కాగితం మీద మా బోధన ఇంగ్లిష్‌లో.

ఆ నాటకం తలుచుకుంటే ఇప్పటికీ విసుగొస్తుంది. యూనివర్సిటీ రూలు ప్రకారం పీజీ అంటే ఇంగ్లిష్. క్లాసులో నలభై మంది ఉంటే ముప్పై అయిదుగురు తెలుగు మీడియం డిగ్రీ చేసి వచ్చినవాళ్ళు. ఏం చేస్తాం? ఇరవై నిమిషాలు ఇంగ్లిష్ నోట్స్ చెప్పి రాయించేవాళ్ళం. తర్వాత పుస్తకం మూసి, అదంతా మళ్ళీ తెలుగులో చెప్పేవాళ్ళం. అర్థమయ్యేది ఆ రెండో భాగమే. పరీక్షలో రాయాల్సింది మొదటి భాగం. ఇన్‌స్పెక్షన్‌కు ఎవరైనా వస్తే ఆ గంటంతా ఇంగ్లిష్‌లో చెప్పేదాన్ని. పిల్లలు కూడా అంతా తెలిసినట్టు తలలూపేవాళ్ళు. వచ్చిన పెద్దమనిషీ తలూపేవాడు. ఆయనా తన క్లాసులో తెలుగులో చెప్పేవాడే. అందరికీ తెలిసిన సంగతిని అందరూ దాచడం, దానికొక నివేదిక, ఆ నివేదికకో సంతకం! ఇంతమంది చదువుకున్నవాళ్ళం కలిసి ఇంత పనికిమాలిన పని ఏళ్ళ తరబడి ఎలా చేశాం?

బాలమణి ఆ క్లాసులో మూడో బెంచీ. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళు ఉంటాయి. వాళ్ళది మహబూబ్‌నగర్ జిల్లా. ఆమె చిన్నప్పుడే అమ్మానాన్నలు ఇల్లు కట్టే పనులకు పట్నం వచ్చారు. బాగ్ లింగంపల్లి వెనక బస్తీలో ఉండేవాళ్ళు. పొద్దున కాలేజీ, పన్నెండు నుంచి అశోక్‌నగర్‌లో ఒక జిరాక్స్ దుకాణంలో పని. చేతివేళ్ళకు ఎప్పుడూ నల్లటి పొడి అంటుకుని ఉండేది. జూనియర్ లెక్చరర్ కావాలని ఆమె కోరిక. అది నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఒకరోజు ప్రచ్ఛన్న నిరుద్యోగం పాఠం. ఈ మాట వినగానే పిల్లల ముఖాల్లో తలుపులు మూసుకుపోయేవి. మనిషి పనిలో ఉన్నట్టే కనబడతాడు, కానీ అతను లేకపోయినా పని ఆగదు. విషయం ఇంతే. నేను ఏదో ఫ్యాక్టరీ ఉదాహరణ చెబుతున్నాను. బాలమణి లేచి, “మా ఊళ్ళె గట్లనే మేడం. ఇద్దరు జేసే మడికి ఆరుగురు దిగుతరు. చూసెటోళ్ళకు అందరు పని జేస్తున్నట్టే ఉంటది” అంది. క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను, సంతోషంతో. ఆ రోజు నుంచి ఆ పాఠం ఆమె మడితోనే చెప్పాను. రిటైరయ్యేదాకా అలాగే చెప్పాను. ఎవరి ఉదాహరణో ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఆమె నోటితో చెప్పింది వింటే ఫస్ట్ క్లాస్. ఆమె ఇంగ్లిష్‌లో రాసింది చదివితే తల పట్టుకోవాలి. సగం వాక్యం బట్టీ పట్టింది, సగం మరిచిపోయింది. రెండూ చేసింది ఒకే మనిషంటే నమ్మబుద్ధి కాదు.

రెండో సంవత్సరం పరీక్షలకు నాలుగు నెలల ముందు యూనివర్సిటీ నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఎం.ఏ. విద్యార్థులు ఇష్టమైతే తెలుగులో జవాబులు రాయవచ్చు, అలా రాసేవాళ్ళ పేర్లు కాలేజీలు ఫలానా తేదీలోగా పంపాలి అని. తెలుగులో రాయవచ్చని చెప్పే ఆ సర్క్యులర్ ఇంగ్లిష్‌లో ఉంది. అప్పుడు నవ్వుకున్నాను. మా హెడ్డు గారు ఇంకో రెండు నెలల్లో రిటైరయ్యే మనిషి. దాన్ని నా చేతిలో పెట్టి, నోటీసు బోర్డు మీద పెట్టించమ్మా, పేర్లు రాసుకో అన్నారు. సరే సార్ అన్నాను. అందినట్టు రిజిస్టర్‌లో సంతకం పెట్టాను. కాగితాన్ని నా టేబుల్ సొరుగులో పెట్టాను.

అంతే. ఆ రోజు తప్పు చేస్తున్నానని కూడా అనిపించలేదు. రేపు పెడదాంలే అనుకున్నాను. రేపు పెట్టలేదు. వారం గడిచింది. తర్వాత పెట్టకపోవడమే నిర్ణయం అయిపోయింది.

ఎందుకు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో, ప్రతిసారీ ఎన్ని గౌరవమైన జవాబులు చెప్పుకున్నానో! ప్రశ్నపత్రం రెండు భాషల్లో తయారు చేయాలి. తెలుగులో మంచి పుస్తకాలు లేవు. తెలుగులో రాసినవాళ్ళకు రేపు ఉద్యోగాలెవరిస్తారు? అన్నీ నిజాలే. ఏదీ కారణం కాదు.

నిజం రెండు చోట్ల ఉంది. ఒకటి బద్ధకం. దాని గురించి చెప్పడానికేమీ లేదు. రెండోది చెప్పడానికి సిగ్గేస్తుంది. నేను డిగ్రీదాకా తెలుగు మీడియం. ఇంగ్లిష్ కోసం నేను పడ్డ పాట్లు నాకే తెలుసు. పేపరు గట్టిగా చదివి గొంతు బొంగురుపోయేది. తప్పు మాట్లాడి నలుగురిలో నవ్వులపాలై, ఇంటికొచ్చి బాత్‌రూమ్‌లో ఏడ్చేదాన్ని. అంత కష్టపడి ఎక్కిన మెట్టును, ఇప్పుడు ఒక కాగితం వచ్చి, అక్కర్లేదు, కిందే నిలబడి రాయండి అంటే, మరి నేనెందుకు ఎక్కినట్టు? నాకు దొరకనిది వీళ్ళకు ఊరికే దొరుకుతుందా? ఇదీ నా బుద్ధి. టీచరును కదా. పిల్లల మీద అసూయ పడ్డాను.

ఇంకొక కచ్చ కూడా ఉంది. అంతకు ఏడాది ముందు పాఠ్యపుస్తకాలు తెలుగులోకి తెచ్చే వర్క్‌షాపుకు నన్ను పిలిచారు. ప్రచ్ఛన్న నిరుద్యోగం పక్కన బ్రాకెట్లో ‘ఉత్తుత్తి పని’ అని రాద్దాం, పిల్లలకు తెలుస్తుంది అన్నాను. నేను మాట్లాడే తెలుగు విని అప్పటికే ముసిముసిగా నవ్వుతున్న ఒక పెద్దాయన, ఇది పాఠ్యపుస్తకమమ్మా, కూరగాయల బండి కాదు అన్నారు. గది అంతా నవ్వింది. మీ తెలుగూ మీ పుస్తకాలూ మీరే ఉంచుకోండి అనుకుని బయటికొచ్చాను. ఆ కోపం ఆయన మీద చూపించాల్సింది. సొరుగులో కాగితం మీద చూపించాను. అంటే ఎవరి మీద చూపించాను? ఆ గదిలో ఎన్నడూ అడుగుపెట్టని బాలమణి మీద.

సర్క్యులర్ వచ్చిన మూడు వారాలకు, క్లాసు అయ్యాక ఆమె స్టాఫ్ రూముకు వచ్చింది. పేర్లు పంపాల్సిన తేదీకి ఇంకా నాలుగు రోజులున్నాయి. గదిలో మేమిద్దరమే. నేను నా టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నాను.

“మేడం, జర ఒక మాట అడగాల్నని వచ్చిన.”

“చెప్పు.”

“పరీక్షల తెలుగుల రాయొచ్చంట గదా?”

“ఎవరు చెప్పిన్రు?”

“ఎవరు చెప్పలే మేడం. నిన్న మా దుకాణంల వేరే కాలేజ్ క్లర్కు వచ్చి ఒక కాయితం జిరాక్స్ తీపిచ్చిండు. తీసుకుంట తీసుకుంట చదివిన. మనకు రాలేదా అది?”

“నీ దగ్గర ఉందా ఆ కాయితం?”

“లేదు మేడం. ఆళ్ళ కాయితం, ఇంకో కాపీ ఎట్ల తీసుకుంట?”

అప్పుడు నాకు హాయిగా అనిపించింది. అవును, హాయిగా. ఆమె దగ్గర కాపీ లేదు. ఆమె నిజాయితీ నాకు పనికొచ్చింది.

“అటువంటి ఉత్తర్వు ఏదీ మన కళాశాలకు అందలేదు. అది మనకు వర్తించదు” అన్నాను.

ఆ తెలుగు చూశారా? అప్పటిదాకా నేను ఆమెతో మా ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాను. అబద్ధం చెప్పాల్సి వచ్చేసరికి ఉత్తర్వు, కళాశాల, వర్తించదు, అన్నీ ఎక్కడినుంచో వచ్చి వరుసగా నిలబడ్డాయి. వర్క్‌షాపులో నన్ను చూసి నవ్విన పెద్దాయన విన్నా మెచ్చుకునేవాడు.

ఆమె “ఒక్కసారి ఆఫీసుల అడగమంటరా మేడం?” అంది.

“నేను చెబుతున్నాను కదా. నువ్వు పోయి ఇంగ్లిష్ ప్రాక్టీస్ చెయ్యి. టైం వేస్ట్ చేసుకోకు.”

“సరే మేడం” అంది. నా మాట మీద ఆఫీసుకు కూడా వెళ్ళలేదు. వెళ్ళి ఉంటే రిజిస్టర్‌లో నా సంతకం కనబడేది. ఎందుకు వెళ్ళలేదా అని ఆమె మీద కూడా కోపగించుకున్న రోజులున్నాయి. ఒకసారి వెళ్ళి అడగాల్సింది కదా పిల్లా, నన్నెందుకంత నమ్మావు? చూడండి, చివరికి తప్పు ఆమెదే అయ్యింది.

పరీక్షలయ్యాయి. ఎండాకాలం. జవాబు పత్రాలు దిద్దే క్యాంపుకు నన్నూ వేశారు. పెద్ద హాలు, తిరగని ఫ్యాన్లు, కట్టలు కట్టలుగా పేపర్లు. మూడో రోజు క్యాంపు ఆఫీసరు గారు ఒక పేపరు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. ఇది మీ సెంటర్ కట్టలోది మేడం, ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి తెలుగులోకి పోయింది, మీ దగ్గరినుంచి తెలుగు పేర్ల లిస్టే రాలేదు కదా, ఏమిటి కథ అన్నారు.

పేపరు చేతిలోకి తీసుకున్నాను. మీద నంబరే ఉంది, పేరు లేదు. అక్కర్లేదు. మొదటి పేజీలో ఇంగ్లిష్‌లో మూడు వరుసలు, వాటి మీద అడ్డంగా ఒక గీత. ఆ కింద తెలుగు. ఒక్క కొట్టివేత లేకుండా చివరి పేజీదాకా తెలుగు.

చదివాను. నిలబడే చదివాను. మార్జిన్ గీసుకుని, చిన్న చిన్న పేరాలుగా, నేను క్లాసులో చెప్పిన పాఠం. నేను చెప్పిన క్రమంలో, నా మాటలతోనే. అక్కడక్కడ నేను చెప్పినదానికంటే బాగా. మూడో జవాబులో ఇలా ఉంది: ‘ఇద్దరు చేయగలిగే మడిలో ఆరుగురు పని చేస్తున్నారనుకుందాం. అందులో నలుగురిని తీసేసినా పంట తగ్గదు. ఆ నలుగురూ సోమరులు కారు. పొద్దంతా చెమట కారుస్తారు. అయినా లెక్కలోకి రారు. మా నాన్న ఆ నలుగురిలో ఒకడు. అందుకే పట్నం వచ్చాడు.’

పదిహేనేళ్ళు ఆ పాఠం చెప్పినదాన్ని. ఆ నలుగురూ సోమరులు కారన్న మాట నాకెప్పుడూ తట్టలేదు.

క్యాంపు ఆఫీసరు చెడ్డవాడు కాదు. దారి కూడా ఆయనే చూపించారు. “కాలేజీ పొరపాటున పేరు పంపలేదని ఒక లెటర్ రాసివ్వండి మేడం, దిద్దిచ్చేద్దాం. స్టూడెంటే సొంతంగ రాస్కుంటే మాత్రం నేనేం చెయ్యలేను, పక్కన పెట్టాలె” అన్నారు. నా ముందు తెల్లకాగితం ఉంది. పెన్ను చేతిలోనే ఉంది. నాలుగు వరుసలు రాస్తే చాలు.

రాస్తే ఏమవుతుంది? పేరు ఎందుకు పంపలేదని అడుగుతారు. సర్క్యులర్ ఎప్పుడు అందిందని అడుగుతారు. రిజిస్టర్ తీస్తారు. నా ఉద్యోగం పర్మినెంట్ చేసే ఫైలు అప్పుడే కదులుతోంది. ఇదంతా ఆలోచించడానికి ఎంతసేపు పట్టిందంటారా? ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నంతసేపు.

“మా దగ్గర ఎవరూ అడగలేదు సార్. ఎవరో సొంతంగా రాసుకున్నారు” అన్నాను.

ఆయన తలూపి, పేపరు తీసుకుని వెళ్ళిపోయారు. నేను కూర్చుని నా కట్టలో తర్వాతి పేపరు తెరిచాను. బట్టీ పట్టిన ఇంగ్లిష్. అరవై రెండు మార్కులు వేశాను.

బాలమణి మిగతా పేపర్లన్నీ ఎలాగో ఇంగ్లిష్‌లో గట్టెక్కింది. పోయింది నేను చెప్పే పేపరే. మళ్ళీ రాసుకునే వీలుంది. ఆమె రాయలేదు. ఎందుకో ఎవరినీ అడగలేదు. అడిగే ముఖం లేదు. ఆ ఏడాదే జూనియర్ లెక్చరర్ పోస్టులు పడ్డాయి. ఎం.ఏ. పాసైన మా పిల్లలు ముగ్గురు దరఖాస్తు పెట్టుకున్నారు. ఒక అమ్మాయికి వచ్చింది, స్వీట్లు పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చింది. ఆ లడ్డూ నోట్లో పెట్టుకుని ఎంత బాగుందో అని కూడా అన్నాను.

ఆమె పనిచేసే జిరాక్స్ దుకాణం మా ఇంటికి రెండు సందుల అవతలే. దాని ముందునుంచి పోవడం మానేశాను. చుట్టూ తిరిగి చిక్కడపల్లి చేరేదాన్ని. పాలప్యాకెట్‌కు వెళ్ళినా చుట్టుదారే. మా ఆయన అడిగితే, డాక్టరు నడవమన్నాడు అని చెప్పాను. ఒక అబద్ధాన్ని దాచడానికి మోకాళ్ళు అరిగేలా నడవడం! చదువుకున్నదాని తెలివి ఇది.

మరుసటి ఏడాది అదే సర్క్యులర్ మళ్ళీ వచ్చింది. కొత్త హెడ్డు నోటీసు బోర్డు మీద పెట్టించాడు. పదకొండు మంది పేర్లిచ్చారు. ప్రశ్నపత్రాన్ని తెలుగులోకి మార్చే పని యూనివర్సిటీ నాకే ఇచ్చింది. దానికి ఎంత టైం పట్టిందో తెలుసా? ఒక ఆదివారం మధ్యాహ్నం. టీ తాగడం కూడా అందులోనే కలిపి. ఆ ఒక్క మధ్యాహ్నం కోసం నేను... ఈ వాక్యం ఇన్నేళ్ళలో ఎప్పుడూ పూర్తి చేయలేకపోయాను. ఇప్పుడూ వద్దు.

ఇంతవరకూ అయితే ఏదో ఒకలా సర్దుకునేదాన్నేమో. అసలు చెప్పాల్సింది ఇప్పుడు చెబుతున్నాను.

మూడేళ్ళ తర్వాత నారాయణగూడ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. మిట్టమధ్యాహ్నం. “నమస్తే మేడం” అని వినబడింది. చూస్తే బాలమణి. కొంచెం ఒళ్ళు చేసింది. చంకలో రెండేళ్ళ పాప. పారిపోవడానికి బస్సు రాలేదు. ఎట్లున్నవు అన్నాను. మంచిగున్న మేడం అంది. దుకాణం మానేసిందట. బస్తీలో పిల్లలకు ట్యూషన్లు చెబుతోందట. తర్వాత తల దించుకుని, పాప గౌను సర్దుతూ అంది:

“మేడం, నాదే తప్పు. మీరు వద్దని చెప్పిన్రు, నేను ఇనలే. ఇంగ్లిష్‌ల మూడు లైన్లు రాసిన. ఆడికెల్లి ముందుకు రాకపాయె. మీరు చెప్పింది మొత్తం చెవుల్ల వినబడుతుండె, తెలుగుల. ఏమైతదిలే అని రాసేసిన. మీ పేరు ఖరాబ్ చేసిన. ఇన్నొద్దుల సంది మీకు చెప్పాల్నని ఉండె.”

అప్పుడైనా చెప్పవచ్చు. ఎవరూ లేరు. ఫైలు ఎప్పుడో అయిపోయింది, నా ఉద్యోగం పర్మినెంట్. ఎవరూ నన్నేమీ చేయలేరు. ఆమె కళ్ళెత్తి నా ముఖంలోకి చూస్తోంది, నేనేమంటానోనని.

“పర్వాలేదులే. జరిగిందేదో జరిగింది. మనసుల పెట్టుకోకు” అన్నాను.

ఆమె ముఖం తేటపడింది. నేను ఆమెను క్షమించాను. అర్థమైందా మీకు? నేను, ఆమెను. పాప తలమీద చెయ్యి కూడా వేశాను. బస్సు వచ్చింది, ఎక్కాను. కిటికీలోంచి చూస్తే ఆమె పాప చేత నాకు టాటా చెప్పిస్తోంది.

ఇప్పుడు నన్ను సభలకు పిలుస్తారు. అమ్మభాషలో ఉన్నత విద్య గురించి మాట్లాడమంటారు. శాలువా కప్పుతారు. మైకు ముందు నిలబడి, అధికారులు ఉత్తర్వులు ఇస్తారు గానీ అమలు చేసేవాళ్ళు లేరని కోపంగా మాట్లాడతాను. చప్పట్లు కొడతారు. ఆ కోపం నిజమే. దాని కొస ఎవరివైపు ఉందో వాళ్ళకు తెలియదు.

ఆమెను వెతికి చెప్పొచ్చు కదా అంటారు. వెతకలేనంత పెద్ద ఊరేమీ కాదు. వెతికి, ఎదురుగా కూర్చుని, ఇదీ సంగతి అంటే ఆమె ఏమంటుంది? పోనీ లెండి మేడం అంటుంది. అనేస్తుంది, నాకు తెలుసు. ఆ మాట తెచ్చుకోవడానికి వెళ్ళాలా? లేక వెళ్ళకపోవడానికి ఇది ఇంకొక గౌరవమైన జవాబా? తేల్చుకోలేకపోతున్నాను. నా మీద నాకున్న విసుగు తగ్గలేదు, తగ్గుతుందని రాయలేదు.

ఆమె వచ్చి అడిగింది. నేను లేదన్నాను. తర్వాత, ఎవరూ అడగలేదన్నాను. ఆ తర్వాత, ఆమె నా ముందు తప్పొప్పుకుంటే ఒప్పుకోనిచ్చాను. ఈ మూడూ వరుసగా, ఒక్కటీ దాచకుండా, ఒక మనిషికి చెప్పడం ఇదే మొదటిసారి. ఇప్పుడు మీకు కూడా తెలుసు.